కరువు నేలకు కాలుష్యం అంటదన్న వాదం

అనంతపురం పీఠభూమిలో ఎరువుల కాలుష్యం గురించి మాట్లాడటమే అనవసరమన్న అభిప్రాయం అధికార యంత్రాంగంలోనూ చదువుకున్నవారి చర్చల్లోనూ బలంగా స్థిరపడి ఉంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూఇటూగా వాన పడే చోట ఎరువును కడిగి తీసుకుపోయేందుకు నీళ్లెక్కడివి అని ఆ అభిప్రాయం అడుగుతుంది. నత్రజని, భాస్వరం నీళ్లలో చేరి బావులనూ చెరువులనూ పాడుచేయడం కాలువల కింద వరి పండే డెల్టాల జబ్బు, కొల్లేరు జబ్బు; అనంతపురం జబ్బు నీళ్లు లేకపోవడం ఒక్కటే. కాబట్టి ఇక్కడికి వచ్చే ప్రతి రూపాయీ చెక్‌డ్యాముకో, డ్రిప్పు పైపులకో, కాలువ పనులకో పోవాలి. ఎరువు తగ్గించుకునే పని ఏదైనా ఉంటే ఎవరి పొలంలో వారు చేసుకుంటారు. అందుకోసం రైతులను జట్లుగా చేర్చి, ఏళ్ల తరబడి డబ్బు పెట్టే ఉమ్మడి పథకాలు దండగ.

ఈ వాదాన్ని చెప్పేవారిలో చాలామంది రైతు పక్షాన నిలబడి మాట్లాడేవారే. దాని వెనుక దురుద్దేశం లేదు. కానీ అది నేల కింద జరిగేదాన్ని తలకిందులుగా చూస్తోంది. వాన తక్కువైన చోట కాలుష్యం తక్కువగా ఉండాలన్న ఊహతో మొదలై, దాని మీదే ఒక బడ్జెట్ విధానాన్ని నిలబెట్టింది. ఊహ నిలవకపోతే విధానమూ నిలవదు.

ముందు నేల సంగతి. అనంతపురం, 2022లో దాన్నుంచి విడిపోయిన శ్రీ సత్యసాయి జిల్లా చాలావరకు గ్రానైటు, నైసు రాళ్ల మీద ఉన్నాయి. పైన పలచటి ఎర్రనేల, దాని కింద శిథిలమైన రాతి పొర, ఆ కింద పగుళ్లున్న గట్టి రాయి. డెల్టా ఒండ్రుమట్టి నీటిని దూదిలా పట్టుకుంటుంది. ఈ రాయి పట్టుకోదు. శిథిల రాతి పొర ఘనపరిమాణంలో బోరుకు అందే నీరు మామూలుగా నూటికి ఒకటి నుంచి మూడు పాళ్లు మాత్రమే. ఒక ఎకరా కింద పది మీటర్ల మందాన ఆ పొర నిండుగా తడిసి ఉందనుకున్నా, రెండు శాతం లెక్కన అందులో తోడుకోగలిగేది దాదాపు 8 లక్షల లీటర్లు. తాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు మించరాదని భారతీయ ప్రమాణాల సంస్థ నిర్ణయించింది. అందులో నత్రజని వంతు సుమారు 10 మిల్లీగ్రాములు. అంటే ఆ 8 లక్షల లీటర్ల స్వచ్ఛమైన నీటిని పరిమితి అంచుకు తెచ్చేందుకు 8 కిలోల నత్రజని చాలు. యూరియాలో నత్రజని 46 శాతం కనుక అది 18 కిలోల యూరియాతో సమానం. 45 కిలోల బస్తాలో సగం కూడా కాదు. అదే ఎకరా కింద ఒండ్రు ఇసుక పొర ఉండి పది రెట్ల నీరు నిలిచి ఉంటే, ఆ కొద్దిపాటి నత్రజని జాడ కూడా తెలియకుండా కలిసిపోయేది.

కాలుష్యం అంటే నీటిలో చేరిన పదార్థం ఎంతన్నదొక్కటే కాదు, ఎంత నీటిలో చేరిందన్నది కూడా. తక్కువ వాన, తక్కువ నీటి నిల్వ, ఎక్కువ ఆవిరి కలిసిన చోట మిగిలిన ప్రతి చుక్కా చిక్కబడుతుంది. బోరు నుంచి తోడిన నీరు పొలంలో పారుతుంది, అందులో ఎక్కువ పాలు ఎండకు ఎగిరిపోతుంది, లవణాలను మోసుకుని మిగిలిన పాలు మళ్లీ అదే రాతి పొరలోకి దిగుతుంది. మరుసటి వారం అదే నీటిని అదే బోరు తోడుతుంది. ఇలా ఏటా తిరిగే నీటిని కడిగి పలచబరిచే పెద్దవాన నాలుగైదేళ్లకొకసారి వస్తే వస్తుంది.

దేశం మొత్తం మీద జరిగిన పరీక్షలు కూడా ఇదే చెబుతున్నాయి. కేంద్ర భూగర్భ జల మండలి 2024 నివేదిక ప్రకారం పరిమితికి మించిన నైట్రేటు కనిపించిన జిల్లాలు 2017లో 359 ఉంటే, 2023 నాటికి 440కి చేరాయి. సేకరించిన నమూనాల్లో దాదాపు అయిదో వంతు పరిమితి దాటాయి. అన్ని రాష్ట్రాల్లోకీ ఎక్కువ శాతం నమూనాలు దాటినది ఎడారి రాష్ట్రమైన రాజస్థాన్‌లో. అక్కడ సుమారు సగం. దాని వెనకే కర్ణాటక. తీవ్రంగా దెబ్బతిన్న పదిహేను జిల్లాల పట్టికలో బాడ్‌మేర్, జోధ్‌పుర్ ఉన్నాయి. తెలుగు నేల నుంచి రంగారెడ్డి, సిద్ధిపేట, ఆదిలాబాద్, పల్నాడు ఉన్నాయి. కోనసీమ పేరు ఆ పట్టికలో లేదు. అనంతపురం పేరు కూడా ఆ పదిహేనింటిలో లేదన్నది నిజమే, ఆ మాట దాచనక్కరలేదు. కానీ వాన లేని చోట నైట్రేటు ఉండదన్న సూత్రాన్ని థార్ ఎడారి ఒక్కటే తోసిపుచ్చుతోంది.

రెండో ఆధారంగా జిల్లా సగటును చూపిస్తారు. హెక్టారుకు వాడే ఎరువు కిలోల్లో అనంతపురం డెల్టా జిల్లాలకు ఏ మూలకూ రాదని చెబుతారు. సగటు అబద్ధం కాదు గానీ, దేన్ని దేనితో భాగిస్తున్నారో చూడాలి. ఆ సగటులో వానాధార వేరుశనగ పొలాలన్నీ కలిసి ఉన్నాయి. ఆ పొలాల్లో రైతు వేసేది తక్కువే. వేరుశనగ పప్పుజాతి పంట కనుక వేరు బుడిపెలతో తన నత్రజనిని చాలావరకు తానే సంపాదించుకుంటుంది. వాటిని పక్కన పెట్టి బోర్ల కింది తోటలను మాత్రమే చూస్తే లెక్క మారిపోతుంది. తాడిపత్రి, పుట్లూరు, యల్లనూరు వైపు అరటి. జిల్లా అంతటా చీనీ, దానిమ్మ, బొప్పాయి, టమోటా, కర్బూజ, కళింగర. 2020లో తాడిపత్రి నుంచి అరటిగెలలతో ప్రత్యేక రైలు ముంబయి రేవుకు బయలుదేరింది. ఈ కరువు జిల్లా సాధించిన గొప్ప విజయమది. ఆ అరటిలో ఒక్కో చెట్టుకు 200 గ్రాముల నత్రజని చొప్పున వేసినా, ఎకరాకు 1,200 చెట్లు ఉంటే 240 కిలోలవుతుంది. యూరియా బస్తాల్లో చెప్పాలంటే పదకొండు దాటి పన్నెండో బస్తా. ఆ ఎకరాను చుట్టూ ఉన్న ఇరవై ఎకరాల మెట్టతో కలిపి సగటు తీస్తే కాలుష్యం కాగితం మీద మాయమవుతుంది, బోరులో మాయం కాదు. ఎందుకంటే ఎరువు ఎక్కడ చిక్కగా పడుతుందో, నీరు తోడేది కూడా సరిగ్గా అక్కడే.

డ్రిప్పు వచ్చాక ఎరువు కిందికి దిగే మార్గం మూసుకుపోయిందన్నది ఈ వాదానికి అతికించిన మరో మాట. 2003లో ఆంధ్రప్రదేశ్ సూక్ష్మ సేద్య పథకం మొదలైనప్పటి నుంచి అనంతపురం డ్రిప్పుకు పెట్టింది పేరు. భారీ రాయితీతో లక్షల ఎకరాల్లో పైపులు పరుచుకున్నాయి. నీటి ఆదాలో డ్రిప్పు చేసిన మేలును ఎవరూ కాదనలేరు. కానీ డ్రిప్పు పైపులోకి మందు కలిపే వెంచురీ గుండా యూరియా, 19-19-19, 13-0-45 వంటి నీటిలో కరిగే ఎరువులు పంపే రైతుకు ఎంత పంపాలో చెప్పే మనిషి దగ్గర లేకపోతే, పైపు చేసేది ఆ మందును వేరు దగ్గరికి చేర్చడం వరకే. చెట్టు తీసుకోగా మిగిలినది తడి వలయాల అంచున పేరుకుంటుంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో రెండు మూడు రోజుల్లో పది సెంటీమీటర్ల వాన కురిసినప్పుడు ఆ పేరుకున్నదంతా ఒక్కసారిగా ఎర్రనేల గుండా కిందికి జారుతుంది. ఏడాది వాన తక్కువే కావచ్చు, పడిన నాడు మాత్రం ఒక్క దెబ్బన పడుతుంది. ముంగారు తొలకరి సంగతీ అంతే. నెలల తరబడి ఎండిన మట్టి తొలిసారి తడిసినప్పుడు అందులోని సూక్ష్మజీవులు ఒక్కపెట్టున లేచి సేంద్రియ నత్రజనిని నైట్రేటుగా మారుస్తాయి. ఆ సమయానికి పొలంలో పచ్చని వేరు లేకపోతే దాన్ని అందుకునేవారు ఉండరు.

ఈ నీటిని ఎవరూ తాగడం లేదు కదా అన్న ప్రశ్న కూడా వినిపిస్తుంది. 1995లో శ్రీ సత్యసాయి సెంట్రల్ ట్రస్టు చేపట్టిన పథకం 731 గ్రామాలకు మంచినీరు ఇచ్చింది. అది ఈ జిల్లా ఎన్నటికీ మరచిపోలేని ఉపకారం, ఫ్లోరైడు పీడ నుంచి ఎన్నో ఊళ్లను కాపాడింది. అయినా తోటలో పనికి పోయిన కూలీ మధ్యాహ్నం తాగేది బోరు నీరే. ఆరు నెలల లోపు పసిబిడ్డకు పాలపొడి కలిపే నీటిలో నైట్రేటు ఎక్కువైతే రక్తం ప్రాణవాయువును మోయలేక బిడ్డ నీలిబారుతుంది. ఆ నీటిని కాస్తే ప్రమాదం తగ్గదు, నీరు ఆవిరై నైట్రేటు ఇంకా చిక్కబడుతుంది. ఊరి ఆర్‌ఓ ప్లాంటు తీసేసిన నైట్రేటు వృథా నీటితో పాటు కాలువలో పడి మళ్లీ నేలలోకే చేరుతుంది. ఇక గొర్రెలు, మేకలు, పశువులు. నెమరువేసే జంతువు కడుపులో నైట్రేటు మరింత విషమైన నైట్రైటుగా మారుతుంది. నత్రజని బాగా పడి, వాన మొహం చాటేసి వాడిన జొన్న చొప్పలో కూడా నైట్రేటు పేరుకుంటుంది. ఆ మేతా ఆ నీరూ ఒకే కాలంలో ఒకే మంద మీద పడటం కరువులో అధికమాసం. ఈ జిల్లాలో మెట్ట సేద్యం పోయిన ఏడాది ఇంటిని నిలబెట్టేది ఆ మందలేనన్నది మరువకూడదు.

ఇంతవరకు వచ్చాక వాదం రెండో మెట్టు ఎక్కుతుంది. కాలుష్యం ఉందే అనుకుందాం, చేసిన రైతే సరిదిద్దుకోవాలి, ప్రభుత్వం డబ్బు ఎందుకు పెట్టాలి అంటుంది. ఫ్యాక్టరీ గొట్టం నుంచి వచ్చే మురుగు విషయంలో ఈ న్యాయం చెల్లుతుంది, ఎందుకంటే గొట్టం ఎవరిదో తెలుస్తుంది. ఒక బోరులో 80 మిల్లీగ్రాముల నైట్రేటు ఉంటే అది ఎవరి బస్తా? పైనున్న చీనీ తోటదా, పక్కనున్న టమోటా మడిదా, ఊరి చివర తరాలుగా పోస్తున్న పేడదిబ్బదా, మరుగుదొడ్డి గుంతదా? ఈ నాలుగూ కలిసే ఉంటాయి. దిబ్బ ఎరువు, జీవామృతం వాడినంత మాత్రాన నత్రజని కిందికి దిగదని కూడా లేదు. నేల కింద నైట్రేటుకు రసాయన జాతి, సేంద్రియ జాతి అన్న భేదం లేదు. ఈ మిశ్రమాన్ని విడదీసి ఒక్కొక్కరి వంతు తేల్చి జరిమానా వేయడం ఏ కార్యాలయానికీ సాధ్యం కాదు. సాధ్యమైనా అది అన్యాయమే అవుతుంది, ఎందుకంటే బస్తా ధరను నిర్ణయించింది రైతు కాదు. 2010లో పోషకాల ఆధారిత రాయితీ తెచ్చినప్పుడు యూరియాను దాని బయటే ఉంచారు. 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలకే దొరుకుతోంది. 50 కిలోల డీఏపీ బస్తా 1,350. అప్పు మీద సేద్యం చేసే కౌలురైతు ఏ బస్తా వైపు చెయ్యి చాపుతాడో లెక్క కట్టే అవసరం లేదు. నత్రజనిని చవక చేసి, పంట తగ్గితే ఆదుకునే దిక్కు లేకుండా చేసి, ఎక్కువ వేశావని రైతును నిందించడం తగదు.

అయితే ఒక్కో రైతుకు విడివిడిగా ప్రోత్సాహకం ఇస్తే సరిపోదా? ఈ సమస్యలోని అసలు ముడి ఇక్కడే ఉంది. ఒక వంక పరీవాహకంలో నలభై బోర్లు ఉంటే వాటన్నింటి కింద ఉన్నది ఒకే రాతి పగుళ్ల అల్లిక. ఒక రైతు ఎరువు సగానికి తగ్గించినా అతని బోరులో మార్పు కనిపించదు. పైవాడి తోట నుంచి వచ్చేది వస్తూనే ఉంటుంది. ఖర్చు తనది, ఫలితం అందరిదీ, అది కూడా చాలా ఏళ్ల తర్వాత. ఆ స్థితిలో తగ్గించమని చెప్పడం ఉపదేశమే అవుతుంది. నలభైమందిలో ముప్ఫైమంది ఒకేసారి, ఒకే లెక్క మీద తగ్గిస్తేనే నీరు మారుతుంది. ఆ ముప్ఫైమందిని కూడగట్టడం, వారి మధ్య నమ్మకం నిలపడం, ప్రతి బోరునూ ఏటా పరీక్షించడం, ఫలితాన్ని రచ్చబండ దగ్గర గోడ మీద రాయడం పని. పని చేసేవారికి జీతం కావాలి.

కలిసి కొలవడం ఎంత లాభమో ఒక చిన్న లెక్క తేలుస్తుంది. లీటరుకు 45 మిల్లీగ్రాముల నైట్రేటు ఉన్న బోరు నీటిని ఒక ఎకరాకు ఏడాదిలో 500 మిల్లీమీటర్ల మేర పారిస్తే, అది సుమారు 20 లక్షల లీటర్లు. ఆ నీటితో పాటు నేలకు చేరే నత్రజని 20 కిలోలు. దాదాపు ఒక యూరియా బస్తా. పరిమితికి రెట్టింపు నైట్రేటు ఉంటే రెండు బస్తాలు. రైతు ఆ నత్రజనిని ఇప్పటికే తన కరెంటు మోటారుతో పైకి తోడుకుంటున్నాడు, తెలియక మళ్లీ కొంటున్నాడు. భూసార పరీక్ష పత్రం ఇచ్చే ప్రభుత్వం బోరు నీటి నైట్రేటు పత్రం కూడా ఇచ్చి, ఆ మేరకు మందు తగ్గించే పట్టికను రైతు సేవా కేంద్రంలో పెడితే, పాడైన నీరే ఎరువుగా పనిచేసి నెమ్మదిగా శుభ్రపడుతుంది. తోడి, పంటకు తినిపించి, కొత్తది వేయకపోవడం నైట్రేటును నేల నుంచి తీసే అతి చవకైన దారి. అది ఒక్క పొలంలో చేస్తే ఆదా, పరీవాహకమంతా చేస్తే శుద్ధి.

ఉమ్మడి పథకాలు ఈ నేలలో నిలవవన్న మాటకు జవాబు ఈ నేలలోనే ఉంది. నెదర్లాండ్స్ ఆర్థిక సాయంతో, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ద్వారా రైతుల యాజమాన్యంలో భూగర్భ జలాల పథకం ఒకటి 2010 వరకు ఏడు కరువు జిల్లాల్లో, 638 గ్రామాల్లో నడిచింది. అనంతపురం వాటిలో ఒకటి. చదువు అంతంతమాత్రమైన రైతులు, వారిలో మహిళలు కూడా, వాన కొలిచారు, బోర్లలో నీటి మట్టం కొలిచారు, రబీకి ముందు ఊరంతా కూర్చుని ఎంత నీరుంది, ఏ పంటకు ఎంత పోతుంది అని జల పద్దు వేసుకున్నారు. ఎవరినీ నిర్బంధించలేదు, రాయితీ చూపి ఆశపెట్టలేదు. కొలత తమ చేతికి వచ్చాక చాలామంది పంటలు మార్చుకున్నారు. ప్రపంచ బ్యాంకు 2010లో భారత భూగర్భ జలాలపై వెలువరించిన నివేదికలో ఈ అనుభవాన్ని ప్రత్యేకంగా చెప్పింది. డబ్బు ఆగాక చాలా ఊళ్లలో కొలతలు సన్నగిల్లాయని విమర్శకులు అంటారు. ఆ మాటలో నిజముంది. కానీ అది ఉమ్మడి పనికి వ్యతిరేకంగా సాక్ష్యం ఎలా అవుతుంది? బడికి పంతులు జీతం ఆపి, పిల్లలు రావడం లేదు కనుక చదువే దండగ అనడం లాంటిది. ఆగింది నిధి, ఓడింది పద్ధతి కాదు. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ నేటికీ నడుస్తోంది. అక్కడి రైతులు తమ ధరణి సహకార సంఘం ద్వారా కొర్రలు, వేరుశనగ తామే శుద్ధి చేసి అమ్ముకుంటున్నారు. సొంత రాబడి ఉన్న సంఘం పథకం గడువుతో చావదన్నది దాని పాఠం.

డబ్బు లేకుండానే ప్రకృతి వ్యవసాయం ఈ పని చేస్తోంది కదా అన్నవారూ ఉన్నారు. 2016లో రైతు సాధికార సంస్థ చేపట్టిన ఈ కార్యక్రమం మొదట పెట్టుబడి లేని సేద్యం అన్న పేరుతోనే బయలుదేరింది. రైతు పొలంలో పెట్టుబడి తగ్గిన మాట సరే. కానీ ఆ మార్పు వెనుక ఊరూరా తిరిగే అనుభవజ్ఞులైన రైతులు, మహిళా పొదుపు సంఘాలు, వేలాదిమంది సిబ్బంది ఉన్నారు. అజీమ్ ప్రేమ్‌జీ సంస్థ సాయం, జర్మనీ అభివృద్ధి బ్యాంకు కేఎఫ్‌డబ్ల్యూ ఇచ్చిన 9 కోట్ల యూరోల అప్పు ఉన్నాయి. 2024లో గుల్బెంకియన్ పురస్కారం అందుకున్నది కూడా ఆ ఉమ్మడి వ్యవస్థే. అనంతపురానికి ఈ కార్యక్రమం ఇచ్చిన గొప్ప పద్ధతి ముంగారుకు ముందే నవధాన్యాలు పొడి దుక్కిలో వేయడం. తొలకరి నైట్రేటు లేచే వేళకు పొలంలో వేర్లు సిద్ధంగా ఉంటాయి. నేలను కప్పుతూనే అవి ఆ నత్రజనిని పట్టి ఉంచుతాయి. దీన్ని నేల తేమ కోసం, మేత కోసం ప్రోత్సహిస్తున్నారు. నీటిలో నైట్రేటు ఎంత తగ్గిందన్నది కూడా కొలిస్తే దానికి మరో నిధి మార్గం తెరుచుకుంటుంది.

ఇదంతా ఈ నేలకు కొత్త కూడా కాదు. ఎండిన చెరువు పూడిక మట్టిని బండ్లతో పొలాలకు తోలడం, కోత అయ్యాక గొర్రెల మందను పొలంలో నిలిపి కాపరికి గింజలు ఇవ్వడం పోషకాలను ఊరి లోపలే తిప్పే ఉమ్మడి ఒప్పందాలు. చెరువులోకి కొట్టుకుపోయిన భాస్వరం బండెక్కి పొలానికి తిరిగి వచ్చేది. ఆ ఒప్పందాలు సడలిన చోట పొలానికి బస్తా, చెరువుకు పాచి మిగిలాయి. హంద్రీ-నీవా నీరు జీడిపల్లి దాటి చెరువులకు చేరుతున్న ఈ కాలంలో, నిండిన చెరువు ఎండదు, ఎండని చెరువు మట్టి బయటికి రాదు. చెరువులోకి పోషకాలు రాకుండా పైనే ఆపాల్సిన అవసరం ముందటికన్నా ఎక్కువైంది.

ఇక నిధుల పోలిక. 2022-23లో కేంద్రం ఎరువుల రాయితీకి పెట్టిన ఖర్చు సుమారు రెండున్నర లక్షల కోట్ల రూపాయలు. గ్రామ పంచాయతీలు కలిసి భూగర్భ జలాలను చూసుకునేందుకు 2019 డిసెంబరులో ప్రారంభించిన అటల్ భూజల్ యోజనకు అయిదేళ్లకు కేటాయించినది 6,000 కోట్లు. 2022-23 ఎరువుల రాయితీలో అది తొమ్మిది రోజుల ఖర్చు. అందులోనూ దేశంలోని ఏడు రాష్ట్రాలకే చోటు దక్కింది. పొరుగున కర్ణాటక ఉంది, ఆంధ్రప్రదేశ్ లేదు. ఒకే రాతి నేల, ఒకే కరువు, సరిహద్దు రాయికి అటు ఒక పంచాయతీకి ప్రోత్సాహక నిధి, ఇటు దానికి ఏమీ దక్కలేదు. 1973-74 నుంచి కరువు పీడిత ప్రాంతాల కార్యక్రమం కింద, 1995 నుంచి హనుమంతరావు సంఘం సూచించిన వాటర్‌షెడ్ మార్గదర్శకాల కింద ఈ జిల్లాలో ఎన్నో వాననీటి కట్టడాలు వచ్చాయి. వాటిని కొలిచేది ఆపిన నీటి పరిమాణంతో. ఆ నీరు తాగేందుకు పనికొస్తుందా అన్న ప్రశ్న పద్దులో లేదు. నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు తెచ్చిన 2002 వాల్టా చట్టం చేతల్లో బోరుకు బోరుకు మధ్య దూరం చూడటం దగ్గరే ఆగింది.

2023 జూన్‌లో కేంద్రం ఆమోదించిన పీఎం ప్రణామ్ పథకం దిశ సరైనదే. గత మూడేళ్ల సగటు కన్నా రాష్ట్రం రసాయన ఎరువుల వాడకం తగ్గిస్తే, ఆదా అయిన రాయితీలో సగం ఆ రాష్ట్రానికి గ్రాంటుగా ఇస్తామన్నది. లోపం దాని కొలబద్దలో ఉంది. రాష్ట్రం మొత్తం అమ్మకాలను చూసే పథకానికి అనంతపురంలోని ఒక వంక కింద నలభైమంది చేసిన పని కనపడదు. వాన ఎగ్గొట్టిన ఏడాది అమ్మకాలు వాటంతట అవే పడిపోతాయి. అది కరువుకు ఇచ్చిన బహుమానం అవుతుంది. అదే డబ్బును పరీవాహకం లెక్కన, బోరు నీటి నైట్రేటు లెక్కన ఇస్తే రైతు శ్రమకు చెందుతుంది.

నీటిని పాడు చేశాక శుభ్రం చేయడం కన్నా ముందే పైనున్న రైతులతో ఒప్పందం చేసుకోవడం చవకని లోకం ఎప్పుడో గుర్తించింది. న్యూయార్కు నగరం వందల కోట్ల డాలర్లు పోసి శుద్ధి కేంద్రం కట్టే బదులు, 1990ల్లో తన తాగునీరు వచ్చే కాట్‌స్కిల్ కొండల రైతులతో కలిసింది. ఒక్కో పొలానికి కాలుష్య నివారణ ప్రణాళిక, దాని ఖర్చు నగరానిది. చేరడం ఐచ్ఛికం, కానీ నూటికి 85 పొలాలు చేరాలన్న ఉమ్మడి లక్ష్యం ఉంది. జర్మనీలో మ్యూనిక్ నగరం 1992 నుంచి తన ఊటలున్న మాంగ్‌ఫాల్ లోయ రైతులకు సేంద్రియ సేద్యానికి హెక్టారు లెక్కన చెల్లిస్తోంది. నైట్రేటు పరిమితి దాటకముందే, పెరుగుతోందని తెలిసిన వెంటనే మొదలుపెట్టింది. అవి సంపన్న నగరాలు, అనంతపురం పేదది అని తోసిపుచ్చడం తేలిక. కానీ శుద్ధి కేంద్రం కట్టే స్తోమత లేని పేద జిల్లాకే నివారణ మరింత అవసరం.

ఉమ్మడి నిధికి కొన్ని షరతులు తప్పవు. మండలం, పంచాయతీ సరిహద్దులను పట్టించుకోకుండా వంక పరీవాహకాన్ని ప్రమాణంగా తీసుకోవాలి. రాతి పొరలో నీరు మారేందుకు అయిదేళ్లు చాలవు కనుక గడువు పదేళ్లకు తగ్గరాదు. మందు తగ్గించిన తొలి రెండు మూడు పంటల్లో దిగుబడి పడితే నష్టం పూడ్చే హామీ ఉండాలి. ఆ హామీ లేనిదే చీనీ రైతు ఒక్క బస్తా కూడా మానడు, మానమని అడిగే హక్కు కూడా ఎవరికీ లేదు. కౌలురైతు పేరు సంఘంలో ఉండాలి. నీరు మెరుగైతే వచ్చే ప్రోత్సాహకం సంఘం ఖాతాకు వెళ్లాలి, అప్పుడే పక్కవాడి బస్తా మీద పక్కవాడికి పట్టింపు కలుగుతుంది. అరటి, చీనీ కొనే ఎగుమతి వ్యాపారం, మంచినీటి పథకాలు కూడా తమ వంతు వేయాలి. ఆ నీటి మీదే వాటి మనుగడ.

ఈ పనిలో మొదటి ఖర్చు చాలా చిన్నది. రంగు మారే కాగితపు పట్టీతో బోరు నీటి నైట్రేటు నిమిషాల్లో తెలుస్తుంది. రెండు జిల్లాల ప్రణాళికల్లో వచ్చే ముంగారు లోపు తోటల కింది ప్రతి బోరునూ ఒకసారి పరీక్షించేందుకు ఒక పద్దు తెరవాలి. ఇప్పటివరకు ఆ పద్దు లేదు.